ఎడమచేతి వైసు

శృంగవరపుకోట,
10 నవంబరు 2024.

ధర్మేంద్రకు,

మీ బావ తిరుమలరావు రాయునది. ఇక్కడ ఉన్నాం. నువ్వూ ఉన్నావనే అనుకుంటున్నాను.

నీకు ఉత్తరం రాస్తానని నేను అనుకోలేదు. చినబాబు అస్థికలు పట్టుకుని నువ్వు వచ్చిన రోజున నిన్ను మా గుమ్మం ఎక్కనివ్వలేదు. నా కొడుకుని తీసుకెళ్ళి ఆ కొండల్లో నదికి ఇచ్చేశావని అందరి ముందూ అన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. ఈ ఉత్తరం దాని గురించి కాదు. ఒక పనిముట్టు గురించి అడగాలి. మన వైపు అది తెలిసినవాళ్ళు లేరు. కోటలో ఇనుప సామాన్ల కొట్టువాడిని అడిగితే పైపులు బిగించే వైసు తెచ్చి చూపించాడు.

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. పదిహేడేళ్ళు ఫిరంగుల దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాడితో ఫోనులో ఏం మాట్లాడతాను. మెసేజీలు పెట్టడానికి నాది మీటల ఫోను. మీ లోయలో సిగ్నలూ ఉండదని చినబాబే చెప్పేవాడు. అందుకే ఈ కాగితం.

మొన్న దసరా వెళ్ళాక పడిన వానకి వెనక గదిలోకి నీళ్ళు దిగాయి. నువ్వు పంపిన వాడి రేకుపెట్టె జరపాల్సి వచ్చింది. అడుగు తుప్పు పడుతోందని తెరిచాను. అప్పటిదాకా తెరవలేదు. బట్టలు, దారపు ఉండలు, చిన్న చిన్న గాలాల పొట్లాలు, మన డేగపుంజు మెడ ఈకలు ఒక సంచీలో, ఒక నోటుపుస్తకం. బెండుముక్కకి గుచ్చిన ఈగ ఒకటి, సగమే కట్టింది.

గాలానికి ఈకా దారమూ చుట్టి ఈగలాగ చేసి ట్రౌట్ చేపను మోసం చెయ్యడం మీ చేపల క్యాంపుకి వచ్చే అతిథుల సరదా అని వాడు చెప్పేవాడు. పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారంటే మీ అక్క నమ్మేది కాదు. నోటుపుస్తకంలో ఆ ఈగలు ఎలా కట్టాలో వాడు బొమ్మలు వేసి రాసుకున్నాడు. నెల రోజులుగా నేను కడుతున్నాను. ఎందుకని అడగకు. కరెంటు పని చేసేవాళ్ళ కటింగ్ ప్లేయరుకి రబ్బరు చుట్టి, దాంతో గాలాన్ని పట్టి ఉంచుతున్నాను.

నీటికాసులతో నా ఎడమకన్ను కిందటేడు పోయింది. నీకు తెలిసి ఉండదు. గాలం ఇవతలి పక్క బాగానే కడతాను. అవతలి పక్క ఈక వంకరపోయిందో లేదో చూడాలంటే లేచి చుట్టూ తిరిగి వెళ్ళాలి. తిరిగే వైసు ఉంటే అవతలి పక్క మన దగ్గరికే వస్తుందని వాడు రాశాడు. అందులో రకాలేమిటి, ఏది కొనాలి, అంతే రాయి.

ఈ ఉత్తరం సంగతి మీ అక్క ఈశ్వరికి తెలియదు.

తిరుమలరావు


క్యాంపు, తీర్థన్ లోయ,
హిమాచల్ ప్రదేశ్.
2 డిసెంబరు 2024.

బావకు ధర్మేంద్ర నమస్కారాలు.

కవరు మీద నీ దస్తూరీ చూసి ఒక పూటంతా విప్పలేదు బావా. అక్కకి ఏమైనా అయిందేమో అనుకున్నాను. విప్పి చదివాక మళ్ళీ మళ్ళీ చదివాను. కన్ను సంగతి నాకెవరూ చెప్పలేదు. రెండో కన్నుకైనా చుక్కల మందు వేసుకుంటున్నావా? అది మానకూడదు.

ఇక్కడ మంచు మొదలైంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేప పట్టడం నిషేధం, అతిథులుండరు. నేనూ, వంటమనిషీ, రెండు కుక్కలూ.

వైసు సంగతి చెప్తాను. అన్నీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. నిలువు కడ్డీ, దాని పైన అడ్డంగా ఒక గొట్టం, గొట్టం చివర పక్షి ముక్కులాగ రెండు దవడలు. గాలం వంపుని ఆ దవడల మధ్య బిగిస్తాం. మామూలు వైసు కదలదు. ఇంకోరకం తిరుగుతుంది గానీ, తిప్పితే గాలం పైకీ కిందకీ ఊగుతుంది. అవతలి పక్క చూసుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి లాభం లేదు. అసలైన తిరిగే వైసులో గాలం కాడ సరిగ్గా ఇరుసు గీత మీదకి వస్తుంది. పిడి తిప్పితే గాలం ఉన్నచోటే తన చుట్టూ తాను తిరుగుతుంది. ఈకని వేళ్ళతో పట్టుకుని పిడి తిప్పితే చాలు, వరస తప్పకుండా చుట్టుకుంటుంది. నీకు ఇదే కావాలి. ఇంకోదాని జోలికి పోకు.

తరవాత, దాన్ని నిలబెట్టే పద్ధతి. బల్ల అంచుకి మరతో బిగించేది ఒకటి, బరువైన ఇనపపలక మీద నిలబడేది ఒకటి. నువ్వు ఎక్కడ కూర్చుని కడతావో రాస్తే ఏది మంచిదో చెప్తాను. ఏది కొన్నా ముందు దవడలు చూడాలి. దారం లాగినప్పుడు చిన్న గాలం జారిపోతే ఆ వైసు ఎంత అందంగా ఉన్నా వద్దు.

బావా, ఇంకో మాట. ఈ వయసులో పొలంలో దిగడం నీకు కష్టమే. నువ్వు ఈ పని మొదలుపెట్టడం నాకు చాలా సంతోషమైంది. మా క్యాంపు యజమానితో మాట్లాడాను. మన పుంజుల మెడ ఈకలు నీటి మీద బాగా తేలుతాయని ఆయనకి తెలుసు. నువ్వు కట్టినవన్నీ ఇక్కడికే పంపెయ్, తీసుకుంటామన్నాడు. నువ్వు ఊ అంటే నేను వచ్చి నేర్పుతాను. గుమ్మం బయటే కూర్చుని నేర్పుతాను.

అక్కకి నా సంగతి చెప్పినా చెప్పకపోయినా నీ ఇష్టం.

ధర్మేంద్ర


శృంగవరపుకోట,
5 జనవరి 2025.

ధర్మేంద్రకు,

నేను అడిగింది పనిముట్టు. పని కాదు.

నా కొడుకు చేతి పని నేను నేర్చుకుంటూ ఉంటే నువ్వు దాన్ని మీ యజమానికి బేరం పెట్టావు. నేను కట్టినవి ఏ అతిథికీ అక్కర్లేదు. కట్టినవాటిని మళ్ళీ విప్పేస్తున్నాను. గాలాలు తక్కువున్నాయి కాబట్టి. నా వయసు గురించి, నా పొలం గురించి నువ్వు ఆలోచించనక్కర్లేదు. ఈ ఏడు కూడా నేనే దమ్ము పట్టించాను, నేనే కోయించాను.

రావడం గురించి ఏమీ అనలేదు నేను. నువ్వే అనుకుంటున్నావు.

వైసుల గురించి నువ్వు రాసింది అర్థమైంది. ఆ పేజీ మట్టుకు చింపి నోటుపుస్తకంలో పెట్టుకున్నాను. నేను కూర్చునేది వీధి అరుగు మీద. వెలుతురు అక్కడే బాగుంటుంది. సిమెంటు అరుగుకి అంచు పట్టించే మర పనికిరాదు. ఇనపపలక మీద నిలబడేదే కావాలి. గాలం ఉన్నచోటే తిరిగే రకమే కావాలి. ఇంకోటి, పిడి ఎడమచేతికి ఉండాలి. గాలాల పొట్లాల మీది బొమ్మల్లో చూస్తే అన్నిటికీ కుడిపక్కే ఉన్నట్టుంది. ఎడమచేతి వాటానికి చేసినవి అమ్ముతారా? లేక ఉన్నదాన్నే మార్చుకోవచ్చా? పేరూ, దొరికే చోటూ రాయి. కొనుక్కోవడం నేను కొనుక్కుంటాను.

డేగపుంజు ఇంకా బతికే ఉంది. ముసలిదైంది, కాలికి గోరు ఊడింది. చినబాబు సెలవుకి వచ్చినప్పుడల్లా దాని మెడ ఈకలు పీకి పట్టుకుపోయేవాడు కదా, ఇప్పుడు మనిషి దగ్గరికి వెళ్తే దూరంగా పోతుంది. కొత్తవలస వాళ్ళెవరో పందేనికి అడిగారు. ఇవ్వనన్నాను.

నోటుపుస్తకంలో ఒకచోట వాడు ఇలా రాశాడు. ‘మావ దారం కుడికి సుట్టమంతాడు. నాకు ఎడమకి సుడితేనే ఒస్తాది. మావకి సెప్పినా ఇనపడదు.’ పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ వేశాడు. నీ పేరు చాలా చోట్ల ఉంది. అవి వచ్చినప్పుడు దాటేస్తాను. ఈ ఒక్కటి పొరపాటున చదివాను.

తిరుమలరావు


క్యాంపు, తీర్థన్ లోయ,
3 ఫిబ్రవరి 2025.

బావకు నమస్కారాలు.

నన్ను క్షమించు. యజమాని దగ్గర ఆ మాట ఎత్తకుండా ఉండాల్సింది. నీకు సాయం చేద్దామనే గానీ మరో ఉద్దేశం లేదు. నేను ఏ పని చేసినా నీ విషయంలో తిరగబడుతుంది.

ఒక సంగతి దాచకుండా చెప్పు బావా. నీ కుడిచెయ్యి పడిపోయిందా? మొదటి ఉత్తరంలో నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. రెండోదాంట్లో వరస కిందకి జారిపోయింది, అక్షరం మీద అక్షరం పడింది. పైగా ఎడమచేతి పిడి అడిగావు. చిన్నపాటి పక్షవాతం వచ్చినా ఆ సమయంలో ఫిజియోథెరపీ చేయించుకుంటే చెయ్యి మళ్ళీ వస్తుంది. మా రెజిమెంటులో సుబేదారుకి వచ్చింది. నువ్వు చెప్పవని నాకు తెలుసు. అందుకే కొత్తవలసలో మరిడమ్మ పిన్నికి ఉత్తరం రాశాను, ఒకసారి వెళ్ళి చూసి రమ్మని.

వైసు పంపుతున్నాను. వద్దనకు. ఢిల్లీ నుంచి కొత్తది తెప్పించాను. ఇనపపలక మీద నిలబడుతుంది. పిడి వెనక చిన్న మర ఉంటుంది, అది విప్పి గొట్టాన్ని అటు తిప్పితే ఎడమ వాటం అవుతుంది. ఆ పని నేనే చేసి పంపుతున్నాను, నువ్వు ముట్టుకోనక్కర్లేదు. పలక విడిగా కట్టాను, బరువు ఎక్కువని. గాలం బిగించాక పిడి మరీ వదులుగా తిరిగితే, గొట్టం కింద ఉన్న చిన్న మరని కొంచెం బిగించు. పిడి తిప్పేటప్పుడు దారపు కండె కిందకి వేలాడకుండా ఎదురుగా ఉన్న కొక్కెం మీద పెట్టు. లేకపోతే దారం కూడా ఈకతోపాటు చుట్టుకుపోతుంది. మొదట్లో చినబాబు కూడా అదే తప్పు చేసేవాడు. పది రోజుల్లో నాకంటే బాగా కట్టడం మొదలుపెట్టాడు.

వాడు పనిలో నిదానం బావా. నీ పోలికే. నువ్వు ఊడ్పుల్లో గట్టెక్కి, తలపాగా విప్పి, మోచేత్తో నుదురు తుడుచుకుని, మళ్ళీ తీరిగ్గా చుట్టుకునేవాడివి కదా. అచ్చం అలాగే. ఆఖరి రోజున కూడా నడుంలోతు నీళ్ళలో నిలబడి టోపీ తీసి, మోచేత్తో నుదురు తుడుచుకుని, టోపీ సర్దుకుని అప్పుడు గాలం విసిరాడు. నీళ్ళలో ఉన్నవాడికి కంగారు ఉండకూడదని అతిథులకి వాణ్ణే చూపించేవాళ్ళం.

చెయ్యి సంగతి తప్పకుండా రాయి.

ధర్మేంద్ర


శృంగవరపుకోట,
9 మార్చి 2025.

ధర్మేంద్రకు,

నా చెయ్యి బాగానే ఉంది. రెండూ బాగానే ఉన్నాయి. ఒంటి కంటితో సాయంత్రం పూట రాస్తే వరస జారుతుంది.

మీ మరిడమ్మ పిన్ని కొత్తవలస నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది. నేను కల్లంలో మినుములు తూర్పారబడుతున్నాను. పరిగెత్తుకుంటూ వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని ఏడుపు. చేట కింద పడేసి చెయ్యి విదిలించుకుంటే, కదులుతోందని ఇంకా ఏడ్చింది. ధర్మేంద్ర ఉత్తరం రాశాడని ఈశ్వరి ఎదుటే చెప్పేసింది. అలా మీ అక్కకి తెలిసిపోయింది. మర్నాడు, ‘ఆడు సిక్కేడా, ఎలగున్నాడని రాసేడా’ అని అడిగింది. రాయలేదన్నాను.

ఎడమచేతి పిడి ఎందుకో నీకు తెలుస్తుందనుకున్నాను. వాడు ఎడమచేతి వాటం. నోటుపుస్తకంలో బొమ్మలన్నీ ఎడమచేత్తో కట్టే బొమ్మలు. నేను కుడిచేత్తో కడితే ప్రతి బొమ్మనీ తిరగేసుకుని చూడాల్సి వస్తోంది. అందుకని నేనే ఎడమచెయ్యి అలవాటు చేసుకుంటున్నాను. ఈ వయసులో కష్టమే. దారం బిగుతు తెలియడం లేదు, తెంపేస్తున్నాను.

వైసు వచ్చింది. అరుగు మీద పెట్టాను. నువ్వు చెప్పినట్టే గాలం ఉన్నచోటే తిరుగుతుంది. మొదటిసారి తిప్పి అవతలి పక్క చూసినప్పుడు బాగుందనిపించింది.

తరవాత ఒక తప్పు చేశాను. బెండుముక్కకి వాడు గుచ్చి ఉంచిన ఆ సగం ఈగని బిగించాను. ఎలా కట్టాడో తెలుసుకుందామని. వాడు ఎన్ని చుట్లు వేశాడో, ఈకని ఏ వాలుగా పట్టాడో నోటుపుస్తకంలో లేదు. పిడి వెనక్కి తిప్పుతూ ఒక్కొక్క చుట్టే విప్పుకుంటూ పోయాను. మొదట ఈక వచ్చింది. తరవాత పసుపు దారం. తరవాత మైనం రాసిన సన్నదారం. ఇంకా అడుగున ఏదో ఉంటుందనుకుంటూ విప్పాను. చివరికి గాలం మిగిలింది. వట్టి గాలం. వాడు ఆఖరిగా చుట్టినది నా చేతులతో నేనే ఊడదీశానని అప్పుడు తెలిసింది. మళ్ళీ చుడదామంటే ఈక పొడి పొడి అయిపోయింది. ఆ దారాలు ఒక కాగితంలో మడిచి పెట్టాను. ఈశ్వరికి చెప్పలేదు. నీకు చెప్తున్నాను, ఎందుకో తెలియదు.

ఇప్పుడు నిన్ను రెండు అడగాలి.

ఈ వైసు కొత్తదన్నావు. పిడికి నల్లరంగు ఎడమవైపు బొటనవేలు ఆనేచోట అరిగిపోయి ఇత్తడి కనపడుతోంది. కొత్తదానికి అలా ఎందుకు ఉంటుంది?

రెండోది. నదికి నీళ్ళు వచ్చిన వేళకి నువ్వు పైన వంటగుడారంలో ఉన్నానని పోలీసులకి చెప్పావు. మాకూ అదే చెప్పావు. మరి చినబాబు టోపీ తీసి నుదురు తుడుచుకోవడం నువ్వెలా చూశావు?

తిరుమలరావు


క్యాంపు, తీర్థన్ లోయ,
30 మార్చి 2025.

బావా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను.

వైసు కొత్తది కాదు. నాదే. మా ఇద్దరికీ అదొక్కటే ఉండేది. పొద్దున్నే లేచి వాడు దాన్ని ఎడమకి మార్చుకుని కూర్చునేవాడు. మధ్యాహ్నం నేను కుడికి మార్చుకునేవాణ్ణి. ‘మావా, నీది నువ్వు కొనుక్కో’ అనేవాడు. నాదే కదరా అంటే నవ్వేవాడు. నాకు వినపడదని తెలిసినా మాట్లాడుతూనే ఉండేవాడు, మొహం నా వైపు తిప్పి, నెమ్మదిగా, పెదాలు చూసి నాకు అర్థమయ్యేలాగ. వాడు పోయిన రోజు పొద్దున ఎడమకి మార్చాడు. నేను మళ్ళీ కుడికి మార్చలేదు. ఆ తరవాత నేను ఒక్క ఈగ కూడా కట్టలేదు. నీకు పంపేటప్పుడు మార్చి పంపుతున్నానని అబద్ధం రాశాను. అది అలాగే ఉంది.

రెండోది.

నేను వంటగుడారంలో లేను. ఒడ్డునే ఉన్నాను. వాడికి నలభై గజాల దూరంలో.

ఆ రోజు పుణె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది, రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ దారం చిక్కుపడిపోతే నేను రాయి మీద కూర్చుని విప్పుతున్నాను. నదికి వీపు పెట్టి కూర్చున్నాను, ఎండ కంట్లో పడకుండా. చెవి మిషను తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. నీటి తుంపర పడితే పాడవుతుందని నది దగ్గర ఎప్పుడూ తీసేస్తాను. కూర్చోబోయే ముందు ఒకసారి వాడి వైపు చూశాను. అప్పుడే టోపీ తీసి నుదురు తుడుచుకుని గాలం విసిరాడు. వాడు నిలబడి ఉండగా చూడ్డం అదే ఆఖరు.

పైన కొండల్లో ఎక్కడో వాన పడింది. మా దగ్గర ఎండే. నీళ్ళు ఒక్కసారి పెరిగాయి. ఆవిడ నా భుజం పట్టుకుని కుదిపి చెయ్యి చూపించింది. నేను తిరిగేసరికి వాడున్న చోట గోధుమరంగు నీళ్ళే ఉన్నాయి. ఒడ్డు వెంబడి పరిగెత్తాను. వంపు దాటాక ఒకసారి భుజం కనిపించింది. దూకాను బావా. దూకలేదని మాత్రం అనుకోకు. నన్ను ఒక చెట్టు వేరు ఆపేసింది. వాణ్ణి ఏదీ ఆపలేదు.

ఆ సాయంత్రం పోలీసులు వచ్చే ముందు ఆవిడ నా దగ్గర కూర్చుంది. నాకు వినపడదని తెలుసు కాబట్టి ఒక కాగితం మీద హిందీలో రాసి చూపించింది. ఆ అబ్బాయి మూడుసార్లు అరిచాడు, ఒకే మాట, మావా అంటే ఏమిటి అని అడిగింది.

నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పోలీసులు అడిగినప్పుడు వంటగుడారంలో ఉన్నానని చెప్పాను. ఆవిడ నా మొహం చూసింది, కాదనలేదు. చెవిటివాణ్ణి నది దగ్గర పనికి పెట్టుకున్నారని తెలిస్తే క్యాంపు మూసేస్తారని భయం ఒకటి ఉంది. కానీ అసలు కారణం అది కాదు. అక్కకి ఏమని చెప్పను? నీ కొడుకు నన్ను పిలిచాడు, నాకు వినపడలేదు అని ఎలా చెప్పను? నువ్వు గుమ్మం ఎక్కనివ్వనప్పుడు అందరూ నా మీద జాలిపడ్డారు. నాకు మాత్రం ఊపిరి ఆడింది. నువ్వు తిట్టింది వేరే దానికైనా, తిట్టడం న్యాయమే అనిపించింది.

నువ్వు దారాలు విప్పేశావని రాశావు. అది తప్పు కాదు బావా. నీ దగ్గర అడగడానికి ఎవరూ లేక విప్పావు. అడిగితే చెప్పాల్సినవాణ్ణి నేను.

ఇది అక్కకి చదివి వినిపించు. నేను ఎదురుగా నిలబడి చెప్పలేను.

ధర్మేంద్ర


క్యాంపు,
11 మే 2025.

బావా,

ఆరు వారాలైంది. నీ దగ్గర నుంచి జవాబు లేదు. జవాబు రావాలని కూడా నేను అనుకోకూడదు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాను. పాత కాగితాల్లో చేర్చుకున్నారు. యజమానికీ చెప్పాను. ఈ నెలాఖరుతో ఇక్కడ నా పని అయిపోతుంది. పఠాన్‌కోట్‌లో మా రెజిమెంటు వాడొకడు గోడౌను కాపలాకి రమ్మన్నాడు. అక్కడికి వెళ్ళాక చిరునామా రాయను. నా వల్ల మీ ఇంట్లో ఇంకో ఏడుపు వద్దు.

అక్క ఆరోగ్యం జాగ్రత్త. నీ కంటికి చుక్కల మందు మానకు.

ధర్మేంద్ర


శృంగవరపుకోట,
19 మే 2025.

ధర్మేంద్రా,

మే నెలలో నువ్వు రాసిన ఉత్తరం ఈ పొద్దున అందింది. ఇది నెలాఖరులోపు నీకు అందాలని స్పీడుపోస్టులో వేస్తున్నాను. అందకపోతే పఠాన్‌కోట్ గోడౌన్లన్నిటికీ రాస్తాను.

మార్చిలో నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజున చదివి అరుగు మీదే కూర్చుండిపోయాను. నీ మీద కోపం రావాలి. రాలేదు. భయమేసింది. ఎందుకంటే నువ్వు చెప్పేశావు, ఇక నేనూ చెప్పాలి. ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం అదే. నిన్ను శిక్షిద్దామని కాదు.

వాడు పోవడానికి నాలుగు రోజుల ముందు ఫోన్ చేశాడు. ఈశ్వరి శివాలయానికి వెళ్ళింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఫోన్ కోసం కొండెక్కి సిగ్నల్ దొరికే చోటికి వచ్చానన్నాడు. ‘నీల్ల రంగు మారిపోతంది నాన్న. నాకేటో బయమేస్తంది. ఒచ్చెత్తాను’ అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? ‘సీజను మజ్జిలో ఒచ్చెత్తే మీ మావ పరువేటవుతాది? నెల రోజులాగు’ అన్నాను. సరే నాన్న అన్నాడు. పుంజు ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందన్నాను. పెట్టేశాడు.

నీ పరువు కోసమే ఆపాను ధర్మేంద్రా. నువ్వు ఉద్యోగం ఇప్పించావు, మధ్యలో వదిలేస్తే నీకు మాటొస్తుందని. ఆ ఫోన్ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీ అక్కకి కూడా. నిన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి అన్ని మాటలు అన్నానే, అవన్నీ నన్ను నేను అనుకోవాల్సినవి. నువ్వు తల వంచుకుని వింటున్నావనుకున్నాను. నీకు ఎంత వినిపించిందో కూడా నాకు తెలియదు.

మొన్న ఏప్రిల్ ఆఖర్లో ఈశ్వరిని కూర్చోబెట్టాను. నీ ఉత్తరం చదివాను. చదివి, ఫోన్ సంగతి చెప్పాను. విప్పేసిన ఈగ సంగతీ చెప్పాను. ఆమె ఏడవలేదు. ‘ఇద్దరూ కలిసి నా బిడ్డని నాకు సెప్పకుండా దాసేసుకున్నారు. ఒకడు ఆడి అరుపు దాసేసేడు, ఇంకొకడు ఆడి మాట దాసేసేడు. నాకేటి మిగిల్చేరు?’ అంది. అంతే. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. వండేది, వడ్డించేది, తను సరిగా తినేది కాదు.

పదో రోజున రేకుపెట్టె తనే తెరిచింది. చదవడం రాదు కదా, నోటుపుస్తకం నా ఒళ్ళో పెట్టి మొదటి పేజీ నుంచి చదవమంది. నీ పేరు వచ్చిన చోట నేను ఆగితే, దాటొద్దంది. రోజుకి రెండు పేజీలు చదువుతున్నాను. నిన్న నీ మీద వాడు రాసింది ఒకటి వచ్చింది. నీకు రాత్రిపూట కాళ్ళు తిమ్మిరెక్కుతాయనీ, అడిగితే లేదంటావనీ రాశాడు. ఈశ్వరి నన్ను ఆపి, అది నిజమేనా అని అడిగింది. నాకేం తెలుసు?

ఈ పొద్దున నీ పఠాన్‌కోట్ ఉత్తరం వచ్చింది. అదీ చదివాను. చిరునామా రాయనన్న దగ్గరికి వచ్చేసరికి ఈశ్వరి చేతిలో ఉన్న చేట కింద పెట్టింది.

‘ఆడ్ని రమ్మను’ అంది.

రమ్మంటే ఏం చేస్తావని అడిగాను.

‘తిడతాను. మొకం సూసి తిట్టాలి. ఉత్తరంలో తిడితే సాలదు.’

కాబట్టి నువ్వు పఠాన్‌కోట్ వెళ్ళడం లేదు. పెట్టె సర్దుకుని బయలుదేరు. విశాఖపట్నంలో దిగి కొత్తవలసకి పాసింజరు ఎక్కు. ఏ రోజు వస్తావో మరిడమ్మ పిన్ని మనవడి ఫోనుకి ఎవరిచేతైనా చెప్పించు, స్టేషనుకి వస్తాం. ఇక్కడికి వస్తే బాధ తగ్గుతుందని నేను అనను. నాకు తగ్గలేదు. ముగ్గురం ఒక ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో కూడా తెలియదు. భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడకపోవచ్చు. అలాగే ఉందాం.

ఈ ఉత్తరం రాస్తుంటే ఈశ్వరి వచ్చి, రాసింది మొత్తం చదివించుకుంది. నీకు వినపడదన్న సంగతి గుర్తుచేశాను. తను ఎంత తిట్టినా నీకు తెలియదు కదా అన్నాను. కాగితం నా వైపు జరిపింది. తరవాత, ఇది కూడా రాయమంది.

‘నెమ్మదిగా తిడతానని సెప్పు. ఎదరగా కూకుని, పెదాలు సూసి ఆడికి అరదమయ్యేలాగ.’

మీ బావ,
తిరుమలరావు